పక్షిపై సుంకం

1926 అక్టోబరులో ‘పారిస్’ అనే ఓడ న్యూయార్క్ రేవుకు చేరింది. రొమేనియాలో పుట్టి పారిస్ నగరంలో స్థిరపడిన శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకూషీ శిల్పాలు కొన్ని అందులో వచ్చాయి. వాటిలో ఒకటి సుమారు నాలుగున్నర అడుగుల కంచు శిల్పం. సన్నగా, స్వల్పమైన వంపుతో పైకి సాగి, అద్దంలా మెరిసే రూపం. రెక్కలు లేవు, ఈకలు లేవు, ముక్కు లేదు. శిల్పి మాత్రం దానిని పక్షి అన్నాడు. తరువాతి కాలంలో అది ‘బర్డ్ ఇన్ స్పేస్’గా ప్రసిద్ధమైంది.

1922 నాటి అమెరికా సుంకాల చట్టం ప్రకారం మౌలిక శిల్పాలకు సుంకం లేదు. అయితే కస్టమ్స్ అధికారులకు ఇది శిల్పంగా తోచలేదు. వంటపాత్రలు, ఆసుపత్రి సామగ్రి ఉన్న వర్గంలో చేర్చి, విలువలో 40 శాతం సుంకం విధించారు. దానిని కొన్న ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ పక్షాన, గెర్‌ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ ఆర్థిక సహాయంతో, వివాదం కస్టమ్స్ కోర్టుకెక్కింది.

అధికారుల నిర్ణయానికి ఆధారం లేకపోలేదు. శిల్పమంటే ప్రకృతిలోని వస్తువులకు, ముఖ్యంగా మానవరూపానికి, అనుకరణ అని 1916లో మరొక కేసులో న్యాయస్థానం నిర్వచించింది. ఆ కొలబద్దతో చూస్తే బ్రాంకూషీ పక్షి నెగ్గే అవకాశం లేదు.

1927 అక్టోబరులో విచారణ మొదలైంది. అడవిలో కనబడితే దీనిని పక్షి అనుకొని కాలుస్తారా అన్న ప్రశ్నకు స్టైకెన్ కాల్చనన్నాడు. శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్ వేల ఏళ్ళనాటి ఈజిప్టు రాతి డేగను కోర్టుకు తెచ్చి, రూపాన్ని సంక్షిప్తం చేయడం కొత్త వింత కాదని చూపాడు. మెకానిక్ కూడా ఇలాంటిది చేయగలడు కదా అంటే, మెరుగు పెట్టగలడు గాని భావన చేయలేడని బదులిచ్చాడు. ప్రభుత్వ సాక్షులూ శిల్పులే. రాబర్ట్ ఎయిట్‌కెన్‌కు అందులో సౌందర్యం కనబడలేదు. థామస్ జోన్స్‌కు అది మితిమీరిన అమూర్తతగా తోచింది. ఒకే వస్తువు, ఒకే వృత్తివారు, రెండు విరుద్ధమైన తీర్పులు!

ఈ చిక్కు మన ఆలంకారికులకు తెలియనిది కాదు. రసం అనుకరణ అన్న శంకుకుని వాదాన్ని, గురువు భట్టతౌతుని బాటలో అభినవగుప్తుడు ఖండించాడు. రసానికి ఆశ్రయం సహృదయుని ఆస్వాదనమన్నాడు. అయితే ఎవరికి తోచినది వారికి సత్యమని వదిలివేయలేదు. నిరంతర కావ్యపరిశీలనతో అద్దంలా తేటపడిన మనసు గలవాడే ఆయన దృష్టిలో సహృదయుడు. కళ అనుభవంలో ఉంటుంది. కాని ఆ అనుభవానికి సాధన కావాలి.

1928 నవంబరు 26న వెలువడిన తీర్పు కూడా ఏ పక్షపు అభిరుచినీ పరమసత్యంగా ప్రకటించలేదు. వస్తువులను అనుకరించడం కంటే అమూర్త భావాలను చిత్రించగోరే కొత్త కళాసంప్రదాయం ఒకటి ఏర్పడిందని గుర్తించింది. ఆ వాదాలతో ఏకీభవించినా, లేకున్నా, దాని ఉనికిని విస్మరించలేమన్నది. ఇది వృత్తి శిల్పి సొంత సృష్టి, చూడడానికి అందమైనది, వేరే ప్రయోజనం లేనిది; కనుక సుంకం చెల్లదు.

ఆ పక్షికి అర్థమేమిటో కోర్టు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. పోలిక లేనందువల్ల కళ కాదనే అధికారం మాత్రం సుంకపు గుమాస్తా చేతినుండి తొలగింది. ఉపయోగమున్న వస్తువుకు, వృత్తి కళాకారులు కానివారి చేతిపనికి ఆ తలుపు తెరుచుకోలేదు. ‘ఇది దేనిని పోలి ఉంది?’ అన్న ప్రశ్న పోయి, ‘దీనిని చేసినవారెవరు?’ అన్న ప్రశ్న దాని స్థానంలో నిలిచింది.