బల్లమీది రౌతులు

నేను వృత్తిరీత్యా చరిత్ర పంతులును. మా తాతగారు నటాలుకు ఓడలో వచ్చినవారు. నా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నది. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. పండుగల గురించి, వంటల గురించి వ్రాసేవారు ఈ సంచికకు కొదువ లేరు. కనుక నేను నా బల్లమీద ఉన్న లోహపు రౌతుల గురించి వ్రాస్తున్నాను.

బొమ్మ సైనికులతో బల్లమీద యుద్ధమాడటం పిల్లల చేష్ట అని మా ఇంటిలోనే అంటారు. కాని ఈ ఆట పుట్టింది సైన్యంలో. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను పెంచి, పటము, పాచికలు, మధ్యవర్తి ఉండే నియమాలుగా ప్రచురించాడు. దానికి దూరపు చుట్టమైన ఆటను ఇంటి నేలమీద ఆడి పుస్తకం వ్రాసినవాడు హెచ్. జి. వెల్స్. 1913 నాటి ఆయన ‘లిటిల్ వార్స్’లో కాలిబంటు ఒక అడుగు జరిగితే రౌతు రెండడుగులు జరుగుతాడు. అప్పటికి లండనులోని బ్రిటన్స్ కంపెనీ 1893 నుండి డొల్లగా పోతపోసిన సీసపు బొమ్మలు అమ్ముతున్నది. వారి మొదటి పెట్టెలో ఉన్నది కూడా గుర్రపు దళమే.

నా బొమ్మలు వాటిలో సగమంత ఉంటాయి. ముందు పోత అంచులను ఆకురాయితో తీసి, సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. లేకుంటే రంగు పట్టదు. గుర్రాన్ని, రౌతును విడివిడిగా వేసి తరువాత అతికించటం నా పద్ధతి. ఎర్రగోధుమ రంగు గుర్రానికి జూలు, తోక, కాళ్ళ క్రింది భాగం నల్లగా ఉండాలి. బూరగాడికి తెల్లగుర్రం ఇవ్వటం ఆంగ్ల దళాల ఆచారం. పోతలో వచ్చిన బల్లెం వంగిపోతుంది గనుక దానిని తీసి ఉక్కు తీగె పెడతాను. ఒక రౌతుకు నాకు రెండు సాయంత్రాలు పడుతుంది.

మొదట 1815 వాటర్లూ రౌతులను వేశాను: ఎర్రకోట్లు, తెల్లగుర్రాలు. తరువాత మన నటాలు యుద్ధానికి వచ్చేసరికి అంతా ఖాకీ. ఆ మాట మన దేశంనుండి వెళ్ళినదే. ఖాక్ అంటే ధూళి. 1899 అక్టోబరు 21 సాయంకాలం, ఎలాండ్స్‌లాగ్టే దగ్గర వెనుదిరిగిన బోయర్లమీద 5వ లాన్సర్లు, 5వ డ్రాగూన్ గార్డులు బల్లేలతో దూకారు. ఆ దాడిని చూపటానికి 24 గుర్రాలు వేశాను. పది రోజులు దాటగానే లేడీస్మిత్ ముట్టడి మొదలయింది. అది 118 రోజులు సాగింది. తిండి, మేత తరిగి గుర్రాలను కోశారు. వాటి మాంసం ఉడికించి తీసిన సారానికి ‘చెవ్రిల్’ అని పేరుపెట్టి సైనికులకు పోశారు. ఆ సంగతి చదివిన తరువాత కొన్నాళ్ళు కుంచె పట్టలేకపోయాను.

ఒకసారి ఈ బొమ్మలను తరగతికి తీసుకొని వెళ్ళాను. ఒక అబ్బాయి అంతా చూసి, “సార్, వీళ్ళలో మనవాళ్ళు ఎవరు?” అన్నాడు. నా పెట్టెలో ఒక్కడూ లేడు.

యుద్ధంలో మాత్రం ఉన్నారు. లేడీస్మిత్ లోపల పర్భూసింగ్ అనే ఒప్పంద కూలీ, బోయర్ల పెద్ద ఫిరంగి మెరుపు కనబడగానే జనాన్ని హెచ్చరించేవాడు. ముట్టడి విడిపించటానికి వచ్చిన బుల్లర్ సైన్యం వెంట, కొలెన్సో దగ్గర, స్పియన్ కోప్ దగ్గర, గాంధీగారి అంబులెన్సు దళం గాయపడినవారిని మోసింది. వారు సుమారు 1,100 మంది. అందులో 800 దాకా తోటల నుండి వచ్చిన ఒప్పంద కూలీలు. మద్రాసు ఓడలలో వచ్చిన తమిళులు, మన తెలుగువారు పనిచేసిన తోటలే అవి. యుద్ధ పతకాలు నాయకులకు వచ్చాయి. వారి ఫొటో ఉన్నది. మోసినవారి పేర్లు మాత్రం మా తరగతి పుస్తకంలో లేవు.

అటువంటి బొమ్మ నాకు ఏ అంగడిలోను దొరకలేదు. నలుగురు కాలిబంట్ల తుపాకులు కోసివేసి, తీగెతో, పాత చేతిరుమాలు ముక్కతో డోలీ చేశాను. ఫొటోలో చూసిన చేతిపట్టీ మీది ఎర్ర శిలువ వేయటానికి ఒకే వెంట్రుక ఉన్న కుంచె కావలసివచ్చింది. 24 గుర్రాలకంటే ఆ నలుగురికే ఎక్కువ సాయంత్రాలు పట్టాయి.

నా దగ్గరి నియమాల పుస్తకాలలో డోలీ మోసేవారి నడక లేదు. బరువుతో నడుస్తారు గదా అని అర అడుగు ఇచ్చాను. పిల్లలు ఒప్పుకోలేదు. “రోజుకు 20, 25 మైళ్ళు మోశారని మీరే చెప్పారు గదా సార్” అన్నారు. పూర్తి అడుగు ఇచ్చాను.