తీగకు పట్టు

కాంక్రీటు నొక్కుడును బాగుగా ఓర్చును, లాగినచో పగులును. ఉక్కును సాగదీసి, దాని బిగువుతో కాంక్రీటును ముందే నొక్కి ఉంచు పద్ధతికి 1888లో జర్మనీలో డోరింగ్ పేటెంటు పొందెను. కాని ఆనాటి ఉక్కు కొద్దిగానే సాగెడిది; కాంక్రీటు కాలక్రమమున కుదించుకొనుటతో ఆ బిగువు సడలిపోయెడిది.

ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెసినే ఈ కారణమును గ్రహించి, మిక్కిలి గట్టి తీగలను అధికముగా సాగదీయు పద్ధతికి 1928లో పేటెంటు పొందెను. మరి వాటిని పట్టి ఉంచుటెట్లు? 1939లో ఆయన తీగల నడుమ శంకువు ఆకారపు బిరడాను బిగించెను. తీగలు లోనికి లాగిన కొలది బిరడా మరింత బిగియును.

జర్మనీలో హోయర్ బిరడా లేకయే, సాగదీసిన సన్నని తీగల చుట్టును కాంక్రీటు పోసెను. సాగిన తీగ సన్నబడును. కోసి విడిచినచో కొన వద్ద తిరిగి లావెక్కును. అనగా తీగ కొనయే బిరడా యగును! కొన నుండి కొంత దూరము లోనికి పోయిన పిమ్మటనే బిగువు పూర్తిగా కాంక్రీటునకు చేరును. ఆ కొద్దిపాటి పట్టు సడలినచో దూలము పగులును.