చిన్న పటము – దాని చట్రము

తెలుగునాట "పటము కట్టించుట" అనే పలుకుబడి ఒకటి ఉన్నది. బొమ్మను అద్దము వెనుక బిగించి, చుట్టూ కొయ్య చట్రము వేయించుటకు మనవారు వాడే మాట ఇది. సంస్కృతములో పటమనగా వస్త్రము. బట్టమీద వ్రాసిన బొమ్మ మొదట పటమైనది. తరువాత కాగితము మీది బొమ్మయు పటమే అయినది. దేశముల ఎల్లలు చూపునది, పిల్లలు గాలిలో ఎగురవేయునది కూడా పటములే. కడపటికి గోడకు మేకు కొట్టి వ్రేలాడదీసినది మనకు పటమైపోయినది. ఒక్క మాటలోనే ఇంత ప్రయాణమున్నది. చిన్న చిత్రమునకు చట్రము ఎందుకు అవసరమైనదో, అది ఎట్లుండిన బాగుండునో, ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు ముచ్చటింపదలచినాము.

ఈ విషయము ఆనేకల్లులోని తెలుగు కుటుంబములకు దూరమైనది కాదు. బెంగళూరుకు దక్షిణమున, తమిళనాటి హోసూరుకు చేరువగా ఉన్న ఈ తాలూకాలో తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో వినవచ్చును. తరతరాలుగా ఇక్కడనే ఉన్నవారు కొందరు. బొమ్మసంద్ర, జిగని, అత్తిబెలె కర్మాగారములకో, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులకో వచ్చి స్థిరపడినవారు మరికొందరు. ఎవరు ఎప్పుడు వచ్చినను, సామానులో ఏదో ఒక పటము తెచ్చుకొననివారు అరుదు. అది వేంకటేశ్వరస్వామి పటము కావచ్చును, తాతగారి ఛాయాచిత్రము కావచ్చును, అమ్మమ్మ పూసలతో అల్లిన చిలుకల జంట కావచ్చును. ఆనేకల్లునుండి చూచినచో ఉత్తరమున లేపాక్షి, నైరుతిని మైసూరు, ఆగ్నేయమున తంజావూరు. దక్షిణాదిలో మన చిత్రకళ నడిచిన దారి ఈ మూడు ఊళ్ళను కలుపుచున్నది.

ముందుగా లేపాక్షిని చూతము. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున, పదహారవ శతాబ్దిలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అక్కడి వీరభద్రాలయమును విస్తరింపజేసినారు. మండపము కప్పుమీద శివపార్వతుల కల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము మొదలైన కథలు చిత్రించి ఉన్నవి. ఒక కథకును మరొక కథకును నడుమ రంగుల పట్టీలు కలవు. చీరెకు అంచు ఎట్లో ఆ బొమ్మలకు ఆ పట్టీలు అట్లు. పట్టుమగ్గములు ఎరిగిన ఆనేకల్లువారికి ఈ పోలిక చెప్పనక్కరలేదు. ఒడలు ఎంత బాగున్నను అంచు లేనిది చీరె అనిపించుకొనదు గదా! ఐతే ఆ చిత్రములకు వేరే చట్రముతో పని లేదు. గోడయు, కప్పును, స్తంభమును, గుడియే వాటికి చట్రము. ఆ బొమ్మ ఎక్కడికీ కదలదు. చూడదలచినవాడే దానికడకు పోవలెను.

1565లో రక్కసి-తంగడి యుద్ధముతో విజయనగరము కూలినది. ఆశ్రయము తప్పిన చిత్రకారులు దక్షిణమునకు తరలినారని చరిత్రకారులు చెప్పుదురు. కొందరు శ్రీరంగపట్టణమునకు, మైసూరు ఒడెయర్ల ఆశ్రయమునకు చేరినారు. తెలుగు మాటలాడు రాజులు తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలోను, నాయుడులు మధురలోను స్థిరపడి చిత్రరచనను కులవృత్తిగా సాగించినారు. తంజావూరు అప్పటికే తెలుగు నాయకరాజుల ఏలుబడిలో ఉండినది. తరువాత వచ్చిన మరాఠా ప్రభువులును, ముఖ్యముగా 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజీ, ఆ కళను పోషించినారు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) కాలము ఆ కళకు మహర్దశ. శ్రీతత్త్వనిధి అనే సచిత్ర గ్రంథము ఆయన ప్రాపుననే వెలసినది.

వలస వచ్చిన మనిషి గుడిని వెంట తెచ్చుకొనలేడు. కాబట్టి బొమ్మ గోడను విడిచి పలకమీదికి వచ్చినది. తంజావూరు చిత్రమును తమిళులు "పలగై పడం" అందురు. అనగా పలక పటమే. కొయ్య పలకమీద బట్ట అతికి, సుద్దపూత పూసి, బొమ్మ గీసి, నగలు, ప్రభావళి ఉబ్బెత్తుగా దిద్ది, బంగారు రేకు అంటించి, రంగులు వేయుట దాని పద్ధతి. తంజావూరు పనిలో ఉబ్బు ఎక్కువ, రాళ్ళ తళుకు ఎక్కువ. మైసూరు పనిలో ఉబ్బు పలుచన, గీత సుకుమారము. రెంటిలోను గమనింపదగిన విశేషమొకటి కలదు. దేవుని బొమ్మ చుట్టూ రెండు స్తంభములు, పైన తోరణము, తెరలు, కలశములు కనిపించును. విడిచివచ్చిన మండపమును చిత్రకారుడు బొమ్మలోనే కట్టినాడని మా తలంపు. ఆ పైన అద్దము, టేకు చట్రము వచ్చి, గర్భగుడికి వాకిలివలె నిలిచినవి. బంగారు రేకును, సుద్దపనిని చేతి తాకిడి నుండి, దీపపు పొగ నుండి కాపాడినవి అవే.

ఈ ఆలోచన మనకు మాత్రమే తోచినది కాదు. ఇటలీలో పూర్వము చర్చి పీఠములపై నిలుపు చిత్రములకు చట్రమును ముందు బిగించి, ఆపైన బొమ్మ వ్రాయుట కలదు. ఆ చట్రము సైతము స్తంభములతో, శిఖరములతో చిన్న చర్చివలెనే ఉండెడిది. దేశములు వేరైనను, బొమ్మకు ఇల్లు కావలెనన్న తలంపు ఒక్కటే.

మరి తెలంగాణములోని చేర్యాల కథ ఇంకొక విధము. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలమీద కులపురాణములను గజములకొద్దీ పొడవున చిత్రించెడివారు. కథకులు ఊరూర ఆ పటమును విప్పి, ఒక్కొక్క ఘట్టమును చూపుచు పాడెడివారు. ఘట్టమునకును ఘట్టమునకును నడుమ పూల అంచు ఉండెడిది. ఆట ముగిసిన తరువాత చుట్టి సంచిలో వేసికొందురు కాబట్టి దానికి చట్రము అక్కరలేదు. కథకుని గొంతే దానికి చట్రము. కాలము మారి పటము కథలకు ఆదరణ తగ్గినది. చిత్రకారులు బ్రతుకుతెరువుకై ఒక్కొక్క ఘట్టమును, ఒక్కొక్క మనిషిని విడదీసి చిన్న చిన్న బొమ్మలుగా వ్రాయసాగినారు. తాటిచెట్టు ఎక్కు గీతకార్మికుడు, నాట్లు వేయు ఆడువారు ఈనాడు జానెడు బొమ్మలై మన గోడలకెక్కినారు. కథ పోయిన చోట చట్రము వచ్చి నిలిచినది.

సామాన్యుని ఇంటికి పటమును తెచ్చినది అచ్చుయంత్రము. రాజా రవివర్మ (1848–1906) 1894లో బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పినాడు. లక్ష్మీ సరస్వతుల రంగుబొమ్మలు కొద్దిపాటి సొమ్ముకు దొరకసాగినవి. అప్పుడు మన దక్షిణాది గృహిణులు చేసిన పని ఎంతో మెచ్చదగినది. అచ్చుబొమ్మలోని చీరెకు పట్టుగుడ్డ అతికి, అంచుకు జరీ కుట్టి, నగలకు పూసలు, తళుకులు పొదిగి, లోతైన చట్రములో కట్టించినారు. అందరి ఇంటనున్న లక్ష్మియే ఐనను, ఆ ఇంటి లక్ష్మి వేరు. ఎత్తుగా నిలిచిన పూసలకు అద్దము తగులరాదు కాబట్టి చట్రము పెట్టెవలె లోతుగా చేయించుకొన్నారు. పటము కట్టుటలో కొత్తదనమని ఇప్పుడు చెప్పుకొనునది మన ముత్తవ్వలు ఎన్నడో చేసినదే.

ఇంత చరిత్ర గల చిన్న పటములు నేడు మన ఇండ్లలోనే నశించుచున్నవి. అద్దమునకు అంటుకొనిపోయిన ఛాయాచిత్రములు, మైదా జిగురుకు చేరిన పురుగులు, తేమగోడ వెనుక నుండి ఎక్కిన చెదలు మనము చూడనివి కావు. వీటికంటె పెద్ద నష్టము మరొకటి కలదు. పాత పటము వెనుక అట్టమీద పెద్దలు తేది, ఊరిపేరు, ఎవరి పెండ్లికి ఎవరు చదివించినారో వ్రాసి ఉంచెడివారు. కొత్త చట్రము వేయుటకు ఇచ్చినప్పుడు అంగడివాడు పాత అట్టను చెత్తలో పారవేయును. అది అతని తప్పు కాదు; తెలుగు వ్రాత అతనికి గీతలుగానే కనబడవచ్చును. మనము చెప్పకపోవుటే లోపము. పరవూరిలో పెరుగు పిల్లలకు తమ ఊరేదో, తమ ముత్తాత పేరేదో చెప్పు కాగితము ఒక్కొక్క ఇంట అదొక్కటే ఉండును. కాబట్టి పటము విప్పుటకు ముందు వెనుకప్రక్కను ఫోటో తీసికొనుడు. అట్టను అడిగి తెచ్చుకొనుడు. కొత్త అట్టమీద ఆ మాటలనే తిరిగి వ్రాయుడు.

ఇక చిన్న బొమ్మకు చట్రము వేయించు పద్ధతి. బొమ్మ చిన్నదని చట్రమును ఇరుకు చేయుట మనవారి పొరపాటు. నాలుగంగుళముల వెడల్పు, ఆరంగుళముల ఎత్తు గల బొమ్మను కొయ్యకు ఆనించి బిగించినచో అది గోడమీద తపాలా బిళ్ళవలె కనబడును. చుట్టూ రెండున్నర, మూడంగుళముల ఖాళీ అట్ట విడిచి, అడుగుప్రక్కన అర అంగుళము ఎక్కువ ఉంచినచో, పెద్దగోడ మీదనైనను కన్ను నేరుగా బొమ్మమీదికే పోవును. అది గుడి ముందరి ఆవరణ వంటిది. ఆ అట్ట ఆమ్లము లేనిదై ఉండవలెను. లేనిచో కొన్నేండ్లకు బొమ్మ అంచు పసుపుబారి పెళుసగును. అద్దమునకును బొమ్మకును నడుమ సందు ఉంచవలెను. బొమ్మను వెనుక అంతయు జిగురు పూసి అతికింపరాదు. పైన రెండుచోట్ల పలుచని కాగితపు ముక్కలతో, గంజితో పట్టించిన చాలును, రేపు విప్పదలచినను చెడదు. ఎండ తగులు గోడ, తేమ ఎక్కు గోడ పనికిరావు. తంజావూరు, మైసూరు పటములను తడిబట్టతో ఎన్నడును తుడువరాదు.

కొత్తదనము కావలెనన్నచో అది మన చేతిలోనే ఉన్నది. చేర్యాల బొమ్మ చుట్టూ అట్టకు బదులు ముతక చేనేత బట్ట పరచి చూడవచ్చును. అమ్మ పెండ్లిచీరె చినిగిపోయినచో దాని అంచును చిన్న ఛాయాచిత్రము చుట్టూ పట్టీగా వేయవచ్చును. ఊరిలో పాత ఇల్లు పడగొట్టునప్పుడు పురుగు తినని ద్వారబంధపు ముక్క ఒకటి తెచ్చుకొని, ఇక్కడి వడ్రంగిచేత చట్రము చేయించవచ్చును. పెద్దలు ఏ గడప దాటి వచ్చినారో ఆ గడప కొయ్య నడుమనే వారి బొమ్మ నిలుచును.

ఉగాదికి ఇల్లు దులుపునప్పుడు పటములు ఎట్లును గోడనుండి దిగును. ఈ ఏడాది తుడిచి తగిలించుటకు ముందు ఒక్కసారి వెనుకకు త్రిప్పి చూడుడు. వ్రాత ఉన్నచో పిల్లలచేత చదివించుడు. లేనిచో పెద్దలను అడిగి వారిచేతనే వ్రాయించుడు. ఎల్లరకును ఉగాది శుభాకాంక్షలు.