ఎర్రమాత్ర వెనుక చరిత్ర

ఉప్పునుంతల వంటి మండలాల్లో గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఎర్రని మాత్రలు ఇస్తుంటారు. ‘రక్తం పట్టడానికి’ అని చెబుతారు. నాలుగు రోజులు వేసుకొని, కడుపులో తిప్పుతోందనో, మలం నల్లబడిందనో మానేసేవారు ఎందరో. ఆ మాత్రలో ఐరన్‌తోపాటు ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. ఈ రెండవదాని చరిత్రలో ఒక తెలుగువాని పేరు ఉన్నదని మీకు తెలుసా?

ముందుగా ఒక మాట. అనీమియా అనే గ్రీకు పదానికి ‘రక్తం లేకపోవడం’ అని అర్థం. నిజానికి తగ్గేది హిమోగ్లోబిన్. గర్భిణికి అది డెసిలీటరుకు 11 గ్రాములకంటే తగ్గితే రక్తహీనత అంటాము. ఐరన్ కొరవడితే ఎర్రకణాలు చిన్నవై పాలిపోతాయి. ఫోలిక్ ఆసిడ్ గాని, బి12 గాని కొరవడితే కణాలు పెద్దవై, సంఖ్యలో తగ్గుతాయి. దీనినే మెగలోబ్లాస్టిక్ అనీమియా అంటారు.

ఈ రెండవరకం రక్తహీనత బొంబాయి గర్భిణులలో ఈస్టు సారంతో నయమవుతున్నదని 1931లో లూసీ విల్స్ ప్రకటించారు. అందులోని పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర నుంచి వేరుచేసిన పదార్థానికి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ బృందానికి సారథి, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగులను పీడించే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది, ఆయననూ బాధించింది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆసిడే ఔషధమైంది.

కథ అక్కడితో ముగియలేదు. లుకేమియా అంటే ‘తెల్ల రక్తం’. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే క్యాన్సర్. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి గనుక, దానిని అడ్డుకొనే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో వెల్లడించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

గర్భిణులు ఎర్రమాత్రను రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడాలి. టీతో కాక, నిమ్మరసంతో వేసుకోండి. మలం నల్లబడితే భయపడవద్దు. అది ఐరన్ వల్లనే. మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే, అది ఏ రకం రక్తహీనతో పరీక్షతో తేల్చుకోండి. ఇంతమంది శ్రమతో మన గడపకు చేరిన మాత్రను మూలన పడవేయకండి.