రంగముపై హరిశ్చంద్రుడు, ప్రేక్షకునిలో దాగిన శోకము

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయంలో ఒక వృత్తాంతం ఉంది. భరతముని ప్రయోగించిన తొలి నాట్యానికి ఇతివృత్తం అసురుల పరాజయం. తమ ఓటమిని కళ్లారా చూడలేక అసురులు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశారు. అప్పుడు బ్రహ్మ వారిని అనునయించి, నాట్యం ఒక పక్షాన్ని నిందించేది కాదనీ, ముల్లోకాల భావాలను అనుకీర్తిస్తూ దుఃఖార్తులకు, శ్రమార్తులకు విశ్రాంతినిచ్చేదనీ బోధించాడు.

ఈ రసవిచారం నల్లగొండ సీమకు పరాయిది కాదు. అక్కడి రాచకొండను ఏలిన సింగభూపాలుడు 14వ శతాబ్దిలో ‘రసార్ణవసుధాకరం’ రచించాడు. ఆ రేచర్ల ప్రభువుల మంత్రివంశానికి చెందిన గౌరన 15వ శతాబ్దిలో హరిశ్చంద్రుని కథను ద్విపదలో కూర్చాడు. అదే కథ తరువాతి కాలంలో యక్షగానమై తెలంగాణ పల్లెల్లో రాత్రంతా ఆడింది.

ఆ కథలో తండ్రి ఇచ్చిన మాటకు పసివాడైన లోహితాస్యుడు తల్లితోపాటు కాశీలో అమ్ముడుపోతాడు. నిజాం పాలనలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో భగేలా అనే కట్టుబాటు ఉండేది. దొర వద్ద అప్పు చేసిన జీతగాడు అది తీరేదాకా చాకిరీ చేయాలి. తీరకపోతే ఆ భారం కొడుకు మెడకు చుట్టుకునేది. 1936లో హైదరాబాదు ప్రభుత్వం భగేలా ఒప్పందాలపై చట్టం చేసినా ఆ ఆచారం సమసిపోలేదు. బిడ్డను అప్పుకు ఒప్పగించిన తండ్రి తన అపరాధభావాన్ని పగలు ఎవరితో చెప్పుకోగలడు? రాత్రి లోహితాస్యుని కోసం కన్నీరు పెట్టడానికి మాత్రం ఏ దొర అనుమతీ అక్కరలేదు.

స్వీయ సుఖదుఃఖాలకు వశుడు కావడం రసవిఘ్నమని అభినవగుప్తుడు చెప్పాడు. శోకం ‘నాది’ అయినంతకాలం మనస్సు దానినుండి పారిపోతుంది. ‘నాది, పరులది’ అన్న భేదం తొలగిన సాధారణీకరణస్థితిలోనే దాన్ని నిలిచి చూడగలుగుతుంది.

అయితే రసవిశ్రాంతి ఋణవిముక్తి కాదు. హరిశ్చంద్రుడు నిలబెట్టుకున్నది తాను ఇచ్చిన మాట. భగేలా కొడుకు మోసినది తాను ఇవ్వని మాట. ఈ వివేకం లేకపోతే సత్యవ్రతుని కథే దాస్యానికి సమర్థన కాగలదు. అసురులు చూడలేక నాట్యాన్ని భంగపరిచారు; చూసి, ఏడ్చి, తెల్లవారగానే మరచిపోవడం కూడా పలాయనమే. పరుల కథకు కన్ను చెమర్చినప్పుడు, ఆ చెమ్మ తనలోని ఏ శోకం నుండి ఊరుతున్నదో విచారించడమే సాధకునికి నాట్యం మిగిల్చే పని.