బొగ్గుబాయిలో గోదావరి ఇసుక

సింగరేణి చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు ఇసుక దగ్గర ఆగిపోతుంది.

ఆ ప్రాంతంలో బొగ్గును 1871లో విలియం కింగ్ గుర్తించాడు. ఇల్లందులో తవ్వకం 1889లో మొదలయింది. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా, పైనున్న నేల కుంగకుండా, నీటితో కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా పంపి నింపుతారు. నీరు వడిసిపోతుంది, ఇసుక గట్టిపడుతుంది. దీని పేరు స్టోయింగ్. ఆ ఇసుక చాలాకాలం గోదావరి నుండే వచ్చింది. ఒక గోతిని పూడ్చడానికి ఏటిలో మరో గోయి! దీనిని నేల సంరక్షణ అనాలో, అప్పు చేసి అప్పు తీర్చడమనాలో నాకు నేటికీ తేలలేదు.

ఓపెన్‌కాస్టు గనులు పోసిన మట్టిగుట్టల నుంచే ఇసుక తీసి వాడే పద్ధతిని తరువాత సింగరేణి చేపట్టింది. (ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వారికి నా నమస్కారం.)

చట్టం నిదానంగా నడిచింది. 1952 గనుల చట్టం ప్రధానంగా గనిలోని మనిషిని చూసింది, అది సబబే. పెద్ద గనులకు ముందస్తు పర్యావరణ అనుమతి 1994లో తప్పనిసరి అయింది. గని మూసివేతకు ప్రణాళిక రాసి, ఏటా సొమ్ము జమకట్టాలని కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ చెప్పింది 2009లో. ఇల్లందులో తొలి తట్ట పైకి వచ్చిన 120 ఏళ్ళకు.