గ్రాండ్ థెఫ్ట్ ఆటో (వీడియో ఆటల శ్రేణి)

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 1997లో మొదలైన వీడియో ఆటల శ్రేణి. దీనిని క్లుప్తంగా జీటీఏ అంటారు. కారు దొంగతనమనే నేరానికి అమెరికాలో వాడే పేరే ఈ శ్రేణికి పేరయింది. ఆటగాడు నిర్ణీత మార్గంలోనే సాగవలసిన అవసరం లేకుండా, కల్పిత నగరంలో తన ఇష్టానుసారం సంచరించగల ఆటలను ఓపెన్ వరల్డ్ ఆటలు అంటారు. ఆ తరహాకు విస్తృత ప్రాచుర్యం కల్పించిన వాటిలో ఈ శ్రేణి ముఖ్యమైనది. ఆటగాడికి లభించే ఈ స్వేచ్ఛయే శ్రేణి విజయానికీ, దానిపై వచ్చిన విమర్శలకూ మూలం.

ఆవిర్భావం

స్కాట్లండులోని డండీ నగరానికి చెందిన డీఎంఏ డిజైన్ అనే సంస్థ తొలి ఆటను రూపొందించింది. 1995లో పని ప్రారంభమైనప్పుడు దీని పేరు రేస్ ఎన్ ఛేజ్. అందులో ఆటగాడు పోలీసుగా గాని, దొంగగా గాని ఆడవచ్చు. తయారీలో దొర్లిన ఒక ప్రోగ్రాము లోపం వలన పోలీసు కార్లు ఆటగాడి కారును నేరుగా గుద్దసాగాయి. అదే ఎక్కువ ఉత్సాహకరంగా తోచడంతో చివరకు దొంగ పాత్రే ప్రధానమైంది. 1997, 1999 సంవత్సరాలలో వచ్చిన మొదటి రెండు ఆటలలో నగరం పైనుంచి చూసిన పటం వలె కనిపిస్తుంది. 1998లో రాక్‌స్టార్ గేమ్స్ ఏర్పడింది. డీఎంఏ డిజైన్ 2002లో రాక్‌స్టార్ నార్త్‌గా మారింది.

త్రిమితీయ దశ

2001లో వెలువడిన మూడవ ఆటతో నగరం త్రిమితీయమైంది. న్యూయార్క్‌ను పోలిన లిబర్టీ సిటీ వీధులలో ఆటగాడు నడిచి తిరగసాగాడు. అందులో కథానాయకుడు మాట్లాడడు. 1986 నాటి మయామీ వాతావరణాన్ని తలపించే వైస్ సిటీ (2002)లో నాయకుడికి మాట వచ్చింది. శాన్ అండ్రియాస్ (2004)లో మూడు నగరాలు, వాటి మధ్య పల్లెలు, ఎడారి ఉన్నాయి. నాయకుడు అతిగా తింటే లావెక్కుతాడు, వ్యాయామం చేస్తే కండలు పెరుగుతాయి. నాలుగవ ఆట (2008) తూర్పు ఐరోపా నుంచి వచ్చిన ఒక వలసదారు కథ. ఐదవ ఆట (2013)లో ముగ్గురు నాయకులున్నారు. విడుదలైన మూడు రోజులలోనే దీని అమ్మకాలు 100 కోట్ల డాలర్లకు చేరాయి. 2024 నాటికి 20 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఆరవ ఆటను 2026 నవంబరు 19న విడుదల చేస్తామని 2025 నవంబరులో ప్రకటించారు.

విమర్శలు

హింస, నేరం ఆటగాడికి లాభదాయకంగా చూపబడ్డాయన్నది ప్రధాన విమర్శ. ఇది అమెరికా సమాజంపై వ్యంగ్యమని సమర్థకుల వాదన. శాన్ అండ్రియాస్‌లో దాగి ఉన్న అశ్లీల దృశ్యాలు 2005లో బయటపడడంతో, అమెరికాలో దాని వర్గీకరణను పెద్దలకు మాత్రమే అని మార్చారు.

భారతదేశంలో

2000వ దశకంలో వైస్ సిటీ ఇంటర్నెట్ కేంద్రాల ద్వారా మన దేశంలోని బాలురకు బాగా పరిచయమైంది. అయితే ఇది పిల్లల కోసం తయారైన ఆట కాదు. భారతదేశంలో చలనచిత్రాలను ధ్రువీకరించే బోర్డు వీడియో ఆటలను పరిశీలించదు. కాబట్టి పెట్టెపై ముద్రించిన వయోపరిమితిని గమనించవలసిన బాధ్యత తల్లిదండ్రులదే. బెంగుళూరులో 1997లో స్థాపితమైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో రాక్‌స్టార్ కొనుగోలు చేసి, అక్కడి తన శాఖ అయిన రాక్‌స్టార్ ఇండియాలో కలుపుకున్నది.